ట్రయాంగిల్ ఫ్యాక్టరీ: తాళం సరే, ఆ 135 అడుగుల మాటేంటి?

తాళం, తాళం, తాళం! న్యూయార్క్ ట్రయాంగిల్ బ్లౌజుల ఫ్యాక్టరీ అగ్నిప్రమాదం గురించి ఎవరు వీడియో చేసినా ఇదే పాట. 1911 మార్చి 25న 146 మంది చనిపోయారు, తొమ్మిదో అంతస్తులో తలుపుకి తాళం ఉంది, ఓనర్లు బ్లాంక్, హ్యారిస్ నిర్దోషులుగా బయటపడ్డారు. ఇదంతా మీకు తెలిసిందే. వాళ్లని నేనేం వెనకేసుకు రావట్లేదు. 1913లో అదే బ్లాంక్ మళ్లీ పనివేళల్లో తలుపుకి తాళం వేయించి దొరికాడు. జరిమానా ఎంతో తెలుసా? 20 డాలర్లు! ఒళ్లు మండిపోదూ?

కానీ నన్నడిగితే మొదటి ముద్దాయి ఆ బిల్డింగే. ఆష్ బిల్డింగ్, 1901లో పూర్తయింది. పది అంతస్తులు, 135 అడుగులు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. అప్పటి రూల్ ప్రకారం ఎత్తు 150 అడుగులు దాటితేనే కిటికీ చట్రాలు లోహంతో, నేల రాయితోనో కాంక్రీటుతోనో ఉండాలి. 135 అడుగులే కాబట్టి చెక్క నేల, చెక్క చట్రాలు, అన్నీ ఓకే! 15 అడుగులు తక్కువైతే మంట అంటుకోదా అండీ?

ఇంకా ఉంది. అంత పెద్ద ఫ్లోరుకి మూడు మెట్ల దారులు ఉండాలి. కట్టింది రెండే. బయట ఫైర్ ఎస్కేప్ ఉందిగా, అదే మూడోది అన్నాడు ఆర్కిటెక్ట్. ఆ ఇనప మెట్లు నేల దాకా వస్తే కదా! రెండో అంతస్తు దగ్గర, గాజు పైకప్పు మీద ఆగిపోతాయి. ప్లాన్ చూసిన అధికారి ఇదేంటని అడిగాడు కూడా. మారుస్తామన్నారు. మార్చలేదు. పర్మిషన్ మాత్రం వచ్చేసింది!

సరే, ఆ శనివారం సాయంత్రం ఎనిమిదో అంతస్తులో, కటింగ్ టేబుల్ కింద గుడ్డపీలికల పెట్టెలో మంట లేచింది. జనం ఎక్కేసరికి ఆ ఫైర్ ఎస్కేప్ మెలితిరిగి కూలిపోయింది. ఫైరింజన్ నిచ్చెనలు ఆరో అంతస్తు దాకే అందాయి. ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ముందుకెళ్లలేను: లిఫ్ట్ నడిపే జీటో, మోర్టిలాలో అనే ఇద్దరు మంటల్లోకి మళ్లీ మళ్లీ పైకెళ్లి జనాన్ని దించారు. చేతులెత్తి మొక్కాలి వాళ్లకి. కోట్లు పెట్టి కట్టినవాళ్లు చేయని పని వాళ్లు చేశారు.

బోనులో నిలబడింది ఓనర్లిద్దరే. ప్లాన్ గీసినవాళ్లు, దానికి ముద్ర వేసినవాళ్లు ఒక్కరూ నిలబడలేదు. అందుకే తాళం కథ అంత బాగా అమ్ముడైంది, మిగతావాళ్లంతా దాని చాటున తప్పించుకున్నారు. ఇది నా థియరీ, దీని మీదే నిలబడతాను.

బిల్డింగ్‌కి ఏమైంది? ఏం కాలేదు! 1929లో న్యూయార్క్ యూనివర్సిటీకి దానంగా వెళ్లింది, ఇప్పుడది బ్రౌన్ బిల్డింగ్, లోపల ల్యాబులు. 2023లో ఆ గోడకి చనిపోయినవాళ్ల పేర్లతో స్మారకం పెట్టారు, చాలా మంచి పని. దాని పక్కనే 135 అనే అంకె కూడా చెక్కాలంటాను. కాదు, తాళమే అసలు కారణం అంటారా? రండి, కామెంట్లలో వాదించుకుందాం.