ముందు మన క్లాసులో చదవండి

(హైదరాబాద్‌లో కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్ల శిక్షణ తరగతుల్లో ఒక భూగర్భ శాస్త్ర ఆచార్యురాలు చేసిన ప్రసంగం)

మిత్రులందరికీ నమస్కారం.

కొత్తగా చేరినవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు: "మేడమ్, పాఠాలు చెప్పుకుంటూ పోతే పరిశోధన ఎప్పుడు చేస్తాం, కాన్ఫరెన్సులకు ఎప్పుడు వెళ్తాం?" న్యాయమైన ప్రశ్నే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. ప్రిపరేషన్, పేపర్లు దిద్దడం, ఇన్విజిలేషన్, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ సంస్థకు చూపించే ఫైళ్లు కలిపితే వారమంతా అక్కడికే సరి. మా సబ్జెక్టు వాళ్లకు ఇంకో చిక్కుంది. యూరప్‌లో మా పెద్ద సదస్సు ఏటా ఏప్రిల్ ప్రాంతంలో వియన్నాలో జరుగుతుంది. ఇక్కడేమో అప్పుడే సిలబస్ పూర్తిచేసే హడావిడి.

క్లాసు ఒక వైపు, కాన్ఫరెన్సు ఇంకో వైపు లాగుతున్నాయని అనుకుంటున్నంత కాలం ఈ టెన్షన్ తగ్గదు. అందుకే ఇవాళ మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. బయట ఎక్కడ పేపర్ చదవబోతున్నా, దాన్ని ముందు మీ డిగ్రీ పిల్లలకు తెలుగులో చెప్పండి. స్లైడ్లు అవే ఉండనివ్వండి, మాట మాత్రం మనది. పన్నెండు నిమిషాలు మీరు చెప్పండి, మిగతా పీరియడ్ అంతా వాళ్లకు వదిలేయండి.

ఎందుకంటున్నానో చెప్తాను. మా దగ్గర పీహెచ్‌డీ చేసిన ఒకమ్మాయి హైదరాబాద్ చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం మీద పనిచేసింది. ఇంగ్లిష్ బాగా వచ్చు, స్లైడ్లు అద్దంలా ఉన్నాయి. వియన్నా వెళ్లే ముందు సెకండియర్ పిల్లల ముందు నిలబెట్టాం. ఒక గ్రాఫ్ దగ్గర, వికారాబాద్ వైపు నుంచి రోజూ వచ్చిపోయే కుర్రాడు చెయ్యెత్తాడు. "మేడమ్, ఇది ఎండాకాలం లెక్కనా, వానలు పడ్డంక లెక్కనా? మా బోరు మే నెలల ఎండిపోతది, దసరాకు మళ్ల పోస్తది" అన్నాడు.

క్లాసంతా గ్రాఫ్ వైపు చూసింది. అందులో ఏడాదికి ఒక్క చుక్కే ఉంది. కేంద్ర భూగర్భ జల మండలి నీటిమట్టాన్ని ఏటా నాలుగుసార్లు కొలుస్తుంది: జనవరిలో, ఎండాకాలంలో, ఆగస్టులో, నవంబరులో. ఆ నాలుగింటికీ సగటు తీసి ఒకే గీత గీసింది ఆ అమ్మాయి. మన కింద ఉన్నది గ్రానైట్. ఇసుక నేలల్లో లాగా నీళ్లు లోతుగా పరుచుకుని ఉండవు. పైన శిథిలమైన పొరలో, కింద రాతి పగుళ్లలో ఉన్నంతే. వాన పడితే మట్టం గబగబా లేస్తుంది, మోటార్లు వేస్తే అంతే వేగంగా దిగుతుంది. సగటు తీయగానే ఈ ఎక్కడం, దిగడం రెండూ మాయం. ఆ కుర్రాడు పాఠ్యపుస్తకంలో అది చదివి అడగలేదు, ఇంటి దగ్గర చూసి అడిగాడు.

ఆ రాత్రే ఆమె మే నెలకు ఒక గీత, నవంబరుకు ఒక గీత విడిగా గీసుకుంది. వియన్నాలో ఆమె మాట్లాడాక, ఇలాంటి రాతి నేలల మీదే పనిచేసే ఒక పెద్దాయన టీ దగ్గర ఆపి, ఆ రెండు గీతల మధ్య ఎడం గురించే చాలాసేపు అడిగాడట. ఆమె థీసిస్‌లో తర్వాతి అధ్యాయం అక్కడ మొదలైంది. తిరిగొచ్చాక ఆ సంగతంతా అదే క్లాసులో చెప్పింది. ఆ కుర్రాడి మొహం మీరు చూసి ఉండాల్సింది!

ఇంకో మాట కూడా చెప్పాలి. 2018 నిబంధనల్లో ప్రమోషన్‌కు లెక్కేసే పాయింట్లు ఉన్నాయి: విదేశంలో పేపర్ చదివితే 7 పాయింట్లు, మన దేశంలోనే జరిగే అంతర్జాతీయ సదస్సుకు 5, జాతీయ సదస్సుకు 3. సొంత క్లాసులో చదివితే సున్నా. ఈ పాయింట్ల కోసమే ఫీజు కట్టించుకుని, హోటల్ హాల్లో పదేసి నిమిషాలు మాట్లాడించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టే సదస్సులు పుట్టుకొచ్చాయి. వాటికి మీ జీతం డబ్బులు పోయకండి. వినేవాళ్లు లేని చోట ఏం చదివినా మీ పని ఒక్క అడుగు ముందుకు పడదు.

నిజంగా వెళ్లాల్సిన వాటికి మాత్రం తొందరపడండి. యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందే దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 30,000 యూరోల బీమా తప్పనిసరి. స్లాట్ దొరకడం, వెళ్లడానికి అభ్యంతరం లేదని కాలేజీ ఇచ్చే ఎన్‌ఓసీ మీద సంతకాలు పడటం మన చేతిలో ఉండవు. నాకు తెలిసిన ఒక యువ అధ్యాపకుడికి ప్రయాణ ఖర్చులు మంజూరైన ఉత్తరం సదస్సు ముగిశాక వచ్చింది. ఇంట్లో డబ్బున్నవాళ్లే వెళ్లగలిగే పరిస్థితి అది. నాకు ఇప్పటికీ బాధే.

సదస్సు మన ఊరికే వచ్చినప్పుడు ఆ సాకు కూడా లేదు. 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ మొదటిసారి భారతదేశానికి వచ్చింది, మన హైదరాబాద్‌లోని సమావేశ కేంద్రం హెచ్‌ఐసీసీలోనే జరిగింది. గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ ఆ ఏడాది నలుగురికి ఇక్కడే ఇచ్చారు. 2018లో మాటల సాంకేతికత మీద జరిగే అంతర్జాతీయ సదస్సు ఇంటర్‌స్పీచ్ కూడా ఇక్కడే జరిగింది. ఇలాంటి సభలతో పాటు చాలాసార్లు అందరికీ ప్రవేశమున్న ఉపన్యాసాలు కూడా ఉంటాయి. సిటీ బస్సు దూరంలో ఉన్నవాటికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ప్రశ్న అడగడానికి వాళ్లు జంకితే పక్కనుండి అడిగించండి.

ఇక్కడున్న పెద్దలకు ఒక విన్నపం. ప్రయాణ గ్రాంటు దరఖాస్తులో పేపర్ శీర్షిక, దేశం, ఖర్చు రాయడానికి గళ్లున్నాయి. వాటి పక్కనే ఇంకొకటి చేర్చండి: ఈ పేపర్‌ను ఏ క్లాసుకు, ఏ తేదీన చెప్పారు, పిల్లలు ఏం అడిగారు. అది ఖాళీగా ఉంటే దరఖాస్తు వెనక్కి పంపండి.