బెయిల్ వచ్చినా బయటికి రాలేనివాళ్లు

హోస్ట్: నమస్కారం, కర్నూలు నుంచి మాట్లాడుతున్నాం. ఇక్కడ క్రిమినల్ కేసులు వాదించే అడ్వకేట్ అక్క మనతో ఉన్నారు. అక్కా, అమెరికాలో నిందితుడిని వదలాలా వద్దా అనేదానికి సాఫ్ట్‌వేర్ మార్కులేస్తుందంట కదా?

అడ్వకేట్: అవును తమ్ముడూ, కాంపాస్ అని ఒకటుంది. 2016లో ప్రొపబ్లికా విలేకరులు ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీ రికార్డులు తిరగేశారు. తర్వాత రెండేళ్లలో ఏ కేసూ పడని నల్లజాతివాళ్లలో దాదాపు 45 శాతం మందిని అది రిస్క్ ఉన్నవాళ్లని ముద్రేసింది. తెల్లవాళ్లలో అలా 23 శాతమే.

హోస్ట్: జాతి అడిగి మార్కులేస్తారా?

అడ్వకేట్: అడగరు. ఇంట్లోవాళ్లు జైలుకెళ్లారా, స్నేహితులు అరెస్టయ్యారా అని అడుగుతారు. పోలీసులు రోజూ తిరిగే వీధిలో పుట్టినవాడు ఏం చెప్తాడు? ఒకే స్కోరున్నవాళ్లు ఏ జాతైనా ఇంచుమించు ఒకే శాతంలో మళ్లీ పట్టుబడ్డారని ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ వాదించింది. అదీ అబద్ధం కాదు. కానీ పోలీసుల కన్ను ఎక్కడుంటే అక్కడే ఎక్కువమంది పట్టుబడతారు కదా!

హోస్ట్: మన కోర్టుల్లో ఆ మార్కులు లేవుగా?

అడ్వకేట్: మార్కులు లేవు, ప్రశ్నలు అవే. పారిపోతాడా, పాత కేసులున్నాయా, స్థిరమైన అడ్రస్ ఉందా? కోసిగి వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు పోయే కుటుంబం ఇంటికి నెలల తరబడి తాళమే. ఆ తర్వాత షూరిటీలు, అంటే నిందితుడికి పూచీగా నిలబడే మనుషులు. ఒక తండా కుర్రాడికి బెయిల్ వచ్చింది. షూరిటీగా నిలబడదామని వాళ్ల పెదనాన్న పొలం పాస్ పుస్తకం తెచ్చాడు. అది ఇంకా చనిపోయిన తాత పేరు మీదే ఉందని తిప్పి పంపారు. ఆ రోజు ఆ పెద్దాయన కోర్టు వరండాలో పుస్తకం మడిచి జేబులో పెట్టుకుంటుంటే నాకు కడుపు రగిలిపోయింది.

హోస్ట్: ఎరుకల వాళ్ల సంగతి?

అడ్వకేట్: కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్రేసిన 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1952లో పోయింది, వాళ్ల మీద అనుమానం పోలేదు. ఊళ్లో దొంగతనం జరిగితే ముందు వాళ్లనే పిలిపిస్తారు. అదే రేపు బెయిల్ దగ్గర పాత కేసుగా లెక్కకొస్తుంది. ఆ తెగలవాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో చెప్పాల్సి వచ్చింది.

హోస్ట్: వింటున్నవాళ్లలో అలా ఇరుక్కున్న కుటుంబాలుంటే?

అడ్వకేట్: బెయిల్ వచ్చి నెలైనా షూరిటీ దొరక్కపోతే, షరతు సడలించే విషయం కోర్టే చూడొచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పక్క జిల్లా షూరిటీ పనికిరాదంటే ఒప్పుకోకండి, 1978లోనే మోతీరామ్ కేసులో ఆ కారణం చెల్లదన్నారు. లోపలున్న మనిషికి లాయర్ ఉచితం, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే చాలు. ఆ పని రేపే చేయండి.