బోరు పాయింటు, పెళ్లి తేదీ, పండుగ అప్పు: దేవుడి మీద భారం వేసేదెట్లా?

[తెర మీద: ఎండిన నేల. ఒకాయన అరచేతిలో పీచు జుట్టున్న కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు. ఒకచోట కాయ లేచి నిటారుగా నిలబడుతుంది. వెనక వస్తున్నవాళ్లు అక్కడ రాయి పెడతారు.]

వ్యాఖ్యాత: అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో పెరిగి, కొబ్బరికాయ పట్టి బోరుకు నీళ్లున్న చోటు చూసే ఈ పనిని చూడనివాళ్లు అరుదు. ఇప్పుడు ఇదే పని మన కతోలిక విచారణ (అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే సంఘం) గుడి ఆవరణలో జరగబోతోందనుకోండి. గుడి బోరు ఎండిపోయింది. ఆదివారం పూజ అయ్యాక పెద్దలు వేపచెట్టు కింద కూర్చున్నారు. మూడు మాటలు వచ్చాయి.

"కాయ పట్టే ఆయన్ని పిలిపిద్దాంలే అన్నా. ఫాదర్ గారికి మాత్రం చెప్పొద్దు."

"దేవుని గుడికి పాయింటు చూసేదేందప్పా? నమ్మకముంటే యాడ వేసినా పడతాయి."

"జియాలజిస్టును పిలిచి మిషన్ పెట్టి చూపిద్దాం. ఆ తర్వాత దేవుని దయ."

వీళ్లలో దేవుణ్ణి నమ్మింది ఎవరంటే చాలామంది రెండో ఆయన్ని చూపిస్తారు. మా లెక్కలో ఆయన మొదటాయన కన్నా పెద్ద చిక్కులో ఉన్నాడు.

[తెర మీద: తెరిచి ఉన్న బైబులు. కొరింతీయులకు మొదటి లేఖ.]

లోకజ్ఞానం అనగానే అందరూ ఎత్తేది పునీత పౌలు మాట. పాతకాలపు మన ఇళ్లలో చిన్నప్పగారు అనేవాళ్లే, ఆయన. దేవుని వెర్రితనం మనుషుల తెలివి కన్నా తెలివైనదని మొదటి అధ్యాయం 25వ వచనంలో అంటాడు. అయితే ఆ మాట ఎవరితో అన్నాడో చూడాలి. కొరింతులో జనం "నేను పౌలు మనిషిని", "నేను అపొల్లో మనిషిని" అని వర్గాలు కట్టుకున్నారు. సిలువ మీద చచ్చిపోయినవాడు రక్షకుడేంటని అక్కడి మేధావులకు నవ్వులాట. పౌలు మండిపడింది ఆ తెలివి మీద.

అదే లేఖలో 16వ అధ్యాయానికి రండి. యెరూషలేము వాళ్లకు చందా పంపాలి. వారం మొదటి రోజున ఎవరి రాబడిని బట్టి వాళ్లు పక్కన తీసి పెట్టుకోండి, నేను వచ్చాక వసూళ్లు మొదలుపెట్టొద్దు, మీరు ఒప్పుకున్న మనుషుల చేతే పంపిద్దాం అంటాడు. రెండో లేఖ 8వ అధ్యాయంలో ఇంకాస్త ముందుకెళ్లి, ఈ డబ్బు విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని తోడు మనుషుల్ని పెడతాడు. లోకజ్ఞానాన్ని అంతగా దులిపినాయనే పద్దు మాత్రం పక్కాగా రాయమన్నాడు.

ప్రభువు కూడా అంతే. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోడా అని లూకా 14:28లో అడిగాడు.

మరి రెండో ఆయన "యాడ వేసినా పడతాయి"? అది మత్తయి 4వ అధ్యాయంలో ఉంది, కానీ ప్రభువు నోట కాదు. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దేవదూతలు పట్టుకుంటారన్నది సైతాను. 91వ కీర్తన చూపించి మరీ అన్నాడు. దేవుణ్ణి పరీక్షించకూడదని ప్రభువు జవాబు. భారం వేయడానికీ పరీక్ష పెట్టడానికీ తేడా ఇక్కడే. మన చేతనైన పని చేసి, మన చేతిలో లేనిది ఆయనకు వదిలితే భారం వేసినట్టు. చేతనైన పని కూడా మానేసి ఆయన్ని నిరూపించుకోమంటే పరీక్ష పెట్టినట్టు.

[తెర మీద: నేలలో వరుసగా దిగ్గొట్టిన నాలుగు ఇనుప కడ్డీలు, వాటికి వైర్లు, మధ్యలో మీటరు.]

ఇప్పుడు బోరు సంగతి. మిషన్ సర్వే అంటే ఇదే. బయటి రెండు కడ్డీల గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య ఓల్టేజీ కొలుస్తారు. కడ్డీల దూరం పెంచేకొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. కరెంటుకు అడ్డు తక్కువగా ఉన్నచోట రాయి చివికో పగిలో తడిగా ఉండే అవకాశం ఎక్కువ. అనంతపురం వైపు ఎక్కువగా గ్రానైటు. ఆ రాతిలో నీళ్లు చెరువులా నిలబడవు, పగుళ్లలోనే తిరుగుతాయి. పగులు జానెడు పక్కకు జరిగినా బోరు దుమ్మే కక్కుతుంది. అందుకే మంచి సర్వే కూడా తప్పొచ్చు. జియాలజిస్టు నిజాయితీపరుడైతే ఆ మాట ముందే చెబుతాడు.

కొబ్బరికాయ ఎందుకు లేస్తుందంటారా? మనకు తెలియకుండానే అరచేయి సన్నగా కదులుతుంది. బరువు ఒక పక్కకున్న కాయకు ఆ కదలిక చాలు. కాయ పట్టే ఆయన మోసగాడని మేము అనం, ఆయనా నమ్మే చేస్తాడు. మాకు ఆ మొదటి మాటలో పట్టింపు కాయ దగ్గర కన్నా "ఫాదర్ గారికి చెప్పొద్దు" దగ్గర ఎక్కువ. దాచాల్సి వచ్చిందంటే లోపల ఎక్కడో తెలుసన్నమాట.

దాచే అలవాటు ఇంకోచోట కూడా బయటపడుతుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. "అదంతా ఎందుకు, రాత్రికి రాత్రి వేయించేద్దాం" అనేవాడు ప్రతి కమిటీలో ఒకడుంటాడు. రాత్రి వేయించిన బోరు మీద పొద్దున తీర్థజలం చల్లితే సరిపోదు.

[తెర మీద: గుడి ఆవరణలో బోరు లారీ. తెల్లటి దుమ్ము.]

తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోరు లారీ వచ్చింది. కుర్రాళ్లు బండికి పసుపు కుంకుమ పెట్టి వాళ్ల దణ్ణం వాళ్లు పెట్టుకుంటారు. దాని మీద గొడవకు దిగకండి, అది వాళ్ల భక్తి. ఫాదర్ గారు మన ప్రార్థన చేస్తారు. అసలు పరీక్ష 500 అడుగులు దాటాక వస్తుంది. దుమ్ము తప్ప ఏమీ రావడం లేదు. ఎవరో అంటారు: "దేవుడి మీద భారం వేసి ఇంకో వంద అడుగులు దించుదాం." లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుందని గుర్తుంచుకోండి, మొదటి 300 అడుగుల రేటు ఆ తర్వాత ఉండదు. అక్కడ మాట్లాడుతున్నది విశ్వాసం కాదు, పోయిన డబ్బు మీద బాధ. దీనికి మందు ఒక్కటే: లారీ రాకముందే ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టండి. దుమ్ములో నిలబడి, చెవులు గింగురుమంటుంటే, నిర్ణయాలు తీసుకోకూడదు.

ఒక చిన్న లెక్క కూడా చూడండి. గుడి కప్పు 2,000 చదరపు అడుగులు అనుకుందాం. అనంతపురంలో ఏడాది వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే ఈ కరువు జిల్లాలో కూడా ఆ ఒక్క కప్పు మీద ఏడాదికి లక్ష లీటర్ల దాకా పడుతుంది. ఆవిరైంది, చిందింది పోగా 80 వేలు మిగిలినా తక్కువేం కాదు. పూజ గ్రంథంలో వాన కోసం ప్రత్యేకంగా ప్రార్థనలున్నాయి. కరువొస్తే చదివిస్తాం. వాన పడితే మాత్రం కప్పు మీది నీళ్లన్నీ వీధి కాలువలోకి వదిలేస్తాం! అడిగి తెచ్చుకున్నదాన్ని అందుకోవడానికి ఒక పైపు, కంకర, ఇసుక వేసిన ఇంకుడు గుంత ఎండిన బోరు పక్కనే తవ్వించండి. మొదటి వాన నీళ్లు కప్పు కడిగి మురికితో వస్తాయి, వాటిని బయటికి వదిలేయండి. ఏడాదికోసారి ఇసుక మార్చకపోతే గుంత పూడుకుపోతుంది.

స్పెయిన్‌లో పుట్టి, ఇక్కడి పేదల కోసం ఆర్‌డీటీ సంస్థ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చారు. దైవానుగ్రహం అన్న మాట ఆయన వదల్లేదు. బావులు, చెక్‌డ్యాములు, బత్తలపల్లి ఆసుపత్రి లాంటి పనులూ వదల్లేదు.

[తెర మీద: గోడ మీద పక్కపక్కన రెండు క్యాలెండర్లు. ఒకటి మేత్రాసనం (బిషప్ గారి పాలనలోని ప్రాంతం) వేసినది, ఇంకొకటి పంచాంగం ఉన్నది.]

ఈ రెండో క్యాలెండరు గ్యాస్ బుకింగ్ తేదీ రాసుకోడానికే అంటారు. సరే. మరి సోమవారం ఇంటర్వ్యూకి బయలుదేరిన పిల్లోణ్ణి "ఏడున్నర నుంచి తొమ్మిది రాహుకాలం, కాసేపు ఆగు నాయనా" అని వరండాలో కూర్చోబెట్టేదెవరు? ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. అయిదు గంటల సాయంత్రం పూజకు అందరం నిక్షేపంగా వెళ్తాం, ఎవరికీ ఏమీ కాలేదు. శ్రీసభ, అంటే కతోలిక సంఘం, తన నమ్మకాలను వివరించిన సత్యోపదేశం పుస్తకం 2115, 2116 పేరాల్లో ఈ మాటే ఉంది: రేపటిని దైవసంరక్షణకు అప్పగించాలి, జాతకాలూ శకునాలూ వదిలేయాలి.

పెళ్లి దగ్గర ఇది బాగా ముదురుతుంది. అయ్యవారి దగ్గర గుట్టుగా ముహూర్తం పెట్టించి, హాలుకు అడ్వాన్సు కట్టి, అప్పుడు ఫాదర్ గారి దగ్గరికి వస్తారు: "హాలు బుక్ అయిపోయింది ఫాదర్, తేదీ మార్చలేం." అక్కడినుంచి అన్నీ తలకిందులు. ఇద్దరి జ్ఞానస్నాన పత్రాలు కొత్తగా తీయించాలి. వేరే ఊళ్లో పుట్టినవాళ్లయితే అక్కడికి రాయాలి. పెళ్లి తరగతులకు వెళ్లాలి. సాధారణంగా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఈ పెళ్లికి అడ్డేమైనా ఉందా అని ఊరందరినీ అడగడమే ఆ ప్రకటన. పది రోజుల్లో ఇవన్నీ కుక్కితే ఏదో ఒకటి దాటేస్తారు. సాధారణంగా దాటేది పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి "నీకిష్టమేనా అమ్మా?" అని అడిగే ప్రశ్న. కనీసం మూడు నెలల ముందు రండి. మొదట గుడి, తర్వాత హాలు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం వదిలేసి చూసుకోండి. ఇంకో మాట, ఆషాఢంలో, మూఢంలో హాళ్లు ఖాళీగానే ఉంటాయి, బేరం కూడా కుదురుతుంది. కతోలికులకు అడ్డేముంది?

[తెర మీద: గుడి పండుగ. సీరియల్ లైట్లు, తేరు, సౌండు బాక్సులు.]

పండుగ కమిటీలో మాట: "పక్క ఊళ్లో పోయినేడు తేరుకు అంత లైటింగు పెట్టారు, మనం తగ్గితే పరువేముంది? రెండు లక్షలు అప్పు తెద్దాం, కానుకల్లో వచ్చేస్తాయి." నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 4,000, ఏడాదికి 48,000. ఆదివారం కానుక 2,500 వచ్చే గుడైతే నెల రాబడి 10,000, అందులో 4,000 వడ్డీకే. అసలు అట్లాగే ఉంటుంది. ఈలోగా బోరు కోసం ఇచ్చిన డబ్బు లైటింగుకు మళ్లుతుంది. శ్రీసభ చట్టం 1267 ఒక పని కోసం ఇచ్చిన కానుకను ఆ పనికే వాడమంటుంది. 537 ప్రతి విచారణకూ ఆర్థిక సంఘం ఉండి తీరాలంటుంది. సంఘం కాగితం మీద ఉంటే చాలదు, మూడు నెలలకొకసారైనా కూర్చోవాలి.

ఈ మూడింటికీ ఒకటే గీటురాయి: యాకోబు లేఖ 3వ అధ్యాయం, 13 నుంచి 18 వచనాలు. పోటీ, అసూయ ఉన్నచోట ఉన్నది కింది జ్ఞానం. పైనుంచి వచ్చేది స్వచ్ఛమైంది, సమాధానపడేది, చెబితే వినేది. పక్క ఊరి తేరును చూసి మొదలైన లెక్క ఎటు పడుతుందో మీకే తెలుసు.

జబ్బుల గురించి రెండు ముక్కలు. నవదినాలు (తొమ్మిది రోజుల ప్రార్థన) మొదలుపెట్టి షుగరు మాత్రలు ఆపకండి. సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం ప్రార్థన చేయమంటుంది, వైద్యుడికీ చోటివ్వమంటుంది, భూమి నుంచి మందులు పుట్టించింది దేవుడేనంటుంది. అట్లాగే "ఫాదర్ గారు వస్తే పేషెంటు భయపడతాడు" అని వ్యాధిగ్రస్తుల అభ్యంగనాన్ని (ఫాదర్ గారు రోగికి నూనె పూసి చేసే ప్రార్థన) ఆఖరి ఊపిరి దాకా వాయిదా వేయకండి. పెద్ద ఆపరేషనుకు ముందే, మనిషి స్పృహలో ఉండి ఆమెన్ అనగలిగినప్పుడే పిలవండి.

[తెర మీద: నోటుపుస్తకం. పేజీ మధ్యలో గీత.]

ఇంట్లో నిర్ణయం ఎట్లా తీసుకోవాలి? పునీత లొయోలా ఇన్యాసి చెప్పిన పద్ధతి ఉంది. మన ఇన్నయ్యలకు ఆ పేరు వచ్చింది ఆయన నుంచే. ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి: "అమ్మాయిని బెంగళూరు పంపాలా, ఇక్కడే చదివించాలా?" గీతకు రెండు పక్కలా లాభనష్టాలు రాయండి. ఫీజు, హాస్టలు, ఆదివారం పూజ, అమ్మాయి ఇష్టం, అన్నీ. ఏ పక్క ఎక్కువ వరసలున్నాయని చూడొద్దు, ఏ పక్క బరువుందో చూడండి. తర్వాత, ముక్కూమొహం తెలియనివాడు ఇదే ప్రశ్న తెస్తే ఏం చెబుతారో ఊహించండి. చావు గడియలో వెనక్కి చూస్తే ఏది చేసి ఉండాల్సిందనిపిస్తుందో ఆలోచించండి. తేలినదాన్ని ప్రార్థనలో ప్రభువు ముందు పెట్టండి. తొమ్మిది రోజులు చాలు. రోజూ రాత్రి ఒక్క వరస: మనసు నెమ్మదిగా ఉందా, కుతకుతలాడుతోందా. ఆయన గట్టిగా చెప్పిన సూత్రం ఇంకొకటుంది: మనసు చీకట్లో ఉన్నప్పుడు, అంతకుముందు వెలుగులో తీసుకున్న నిర్ణయాన్ని మార్చొద్దు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది సలహా దగ్గర. ఆ నిర్ణయంలో లాభమున్నవాణ్ణే సలహా అడుగుతారు. కాలేజీ ఏజెంటును కాలేజీ గురించి అడిగితే ఏం చెబుతాడు?

[తెర మీద: మళ్లీ గుడి. దివ్యబలి పూజ చివర ప్రకటనలు. ఉపదేశి (గుడిలో మతబోధ చేసేవారు) చేతిలో కాగితం.]

లారీ వెళ్లిపోయిన తర్వాతి ఆదివారం. ఉదాహరణకు ఈ అంకెలు తీసుకోండి. ఉపదేశి చదువుతున్నారు:

"బోరు కోసం వచ్చిన కానుక 1,50,000 రూపాయలు. ముందే అనుకున్నట్టు 600 అడుగుల దగ్గర ఆపాం. నీళ్లు పడలేదు. సర్వే, లారీ, కేసింగ్ పైపు కలిపి ఖర్చు 1,02,000. మిగిలింది 48,000. ఇది నీళ్ల కోసం ఇచ్చిన డబ్బు కాబట్టి పండుగకు తీయం. గుడి కప్పు మీది వాన నీళ్లను పాత బోరు పక్క ఇంకుడు గుంతలోకి దింపే పని శనివారం పొద్దున ఆరింటికి మొదలవుతుంది. గడ్డపారలు, చెలికె పారలు ఉన్నవాళ్లు తీసుకురండి. బిల్లులు నోటీసు బోర్డులో పెట్టాం."