అమ్మది ఏ ఊరని రాయాలి?

నమస్కారం. బెంగళూరు బొమ్మనహళ్లి వైపు గార్మెంట్ ఫ్యాక్టరీల చుట్టుపక్కల వీధుల్లో, సాయంత్రం నాలుగింటికి స్కూలు ఆటోల దగ్గర నిలబడే ముసలివాళ్లను ఎప్పుడైనా గమనించారా? మదనపల్లి, హిందూపురం నుంచి కూతుళ్ల కోసం వచ్చేసినవాళ్లు చాలామంది ఉంటారు. మా అమ్మా అందులో ఒకరు. అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్లు నొప్పులు, అయినా మనవరాలి బ్యాగు తనే మోస్తుంది.

2050 నాటికి మన దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు అరవై దాటినవాళ్లే ఉంటారని ఐక్యరాజ్య సమితి జనాభా నిధి 2023లో చెప్పింది. మన దక్షిణాదికి ఆ రోజులు ఇంకా ముందే వస్తాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రలోనూ కర్ణాటకలోనూ సగటున ఒక్కో స్త్రీకి 1.7 మంది పిల్లలే, జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. అందుకే ఎక్కడ చూసినా ముసలివాళ్లు భారమైపోతారనే మాటే. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. అమ్మ ఊళ్లోనే ఉండిపోయుంటే నా సూపర్‌వైజర్ ఉద్యోగం ఎప్పుడో పోయేది. ఆవిడ వండేదానికి, పిల్లను సాకేదానికి ఎవరు లెక్క కడుతున్నారు?

ఇక పింఛను సంగతి. ఆంధ్రలో నెలకు 4,000 వస్తుంది, ఇంటికే తెచ్చిస్తారు, కానీ ఆ ఇంటికి తాళం వేసుంది. ఒకటో తారీఖుకు అమ్మ ఊరు వెళ్లాలి. అంట్లు తోమి తోమి అరిగిన వేళ్లు, వేలిముద్ర మెషీన్ ఒక పట్టాన పట్టదు, కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది, మళ్లీ తుడుచుకుంటుంది. ఆ రోజు పిల్ల కోసం నేను సెలవు పెడితే నా జీతం కట్. పోనీ ఆధార్ ఇక్కడికి మారుద్దామంటే పింఛను పోతుందని భయం, మార్చకపోతే కర్ణాటక తన రాష్ట్రం ఆడవాళ్లకిచ్చే శక్తి పథకం ఉచిత బస్సు లేదు, ఆసుపత్రికి వెళ్లినా అమ్మ టికెట్ కొనాల్సిందే.

రేషన్ బియ్యం ఇప్పుడు ఏ రాష్ట్రంలోనైనా తీసుకోవచ్చు కదా, పింఛనుకెందుకు కుదరదు? ఎనభై లోపు వాళ్లకు కేంద్రం వాటా 200 మాత్రమే, మిగతాది రాష్ట్రం సొమ్ము, అందుకే రాష్ట్రం దాటితే ఇవ్వరు. నిజమే. కానీ పిల్లలు పనికోసం రాష్ట్రాలు దాటి పాతికేళ్లయింది, వాళ్ల వెనక తల్లులూ దాటారు. రెండు ప్రభుత్వాలూ కూర్చుని, బతికున్నట్టు వేలిముద్ర ఇక్కడ ఏదో ఒక ఆఫీసులో వేయించుకుంటే చాలు కదా.

ఈ ఒకటో తారీఖుకు అమ్మకు జ్వరం. అయినా రాత్రే సంచి సర్దుకుంది.