ఉక్కు పోతలో లోపం: ఆరబెట్టే గది నుంచి వెతకండి

దృశ్యం: పోత పోసిన చిన్న స్టీలు వాల్వు. అంచున రెక్కలా పొడుచుకు వచ్చిన పలుచటి లోహం.

వ్యాఖ్యానం: ఈ రెక్కను ఫౌండ్రీలో ఫిన్ అంటారు. ఇది కనబడగానే తప్పంతా కొలిమి దగ్గర జరిగిందని చాలామంది అనుకుంటారు. కాని కొలిమి వెలిగించక ముందే, షెల్ (లోహం పోసే సిరామిక్ అచ్చు) ఆరబెట్టిన గదిలోనో, దాని లోపలి మైనం కరిగించిన ఆటోక్లేవులోనో (ఒత్తిడితో ఆవిరి నింపే పాత్ర) షెల్‌కు పడిన పగుళ్లలోకి లోహం దూరి చాలాసార్లు ఈ రెక్క తయారవుతుంది. వానాకాలమంతా గాలిలో తేమ నిలిచే శ్రీకాకుళం వంటి తీర జిల్లాలో ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్, అంటే మైనపు నమూనా చుట్టూ షెల్ కట్టి, మైనం కరిగించి తీసి లోహం పోసే పని, చేయదలచినవారు ముందుగా ఆలోచించవలసింది ఆ గది గురించే.

దృశ్యం: మైనపు నమూనాలను గుత్తిగా అతికించిన ట్రీ, స్లర్రీలో (సిరామిక్ పొడి కలిపిన చిక్కటి ద్రవంలో) మునుగుతూ.

వ్యాఖ్యానం: విగ్రహాల పోతకు వాడే మధూచ్ఛిష్ట విధానానికి ఇది దగ్గరి చుట్టమే. మైనపు నమూనాను స్లర్రీలో ముంచి, పైన పొడి ఇసుక చల్లి, ఆరనిచ్చి, మళ్లీ ముంచుతూ సాధారణంగా 6 నుంచి 9 పూతలతో షెల్ కడతారు. 1,600 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో పోసే ఉక్కును తట్టుకోవడానికి మొదటి పూతలో తరచుగా జిర్కాన్ పొడి వాడతారు. మన కళింగపట్నం తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు ఉండే ఖనిజమే ఈ జిర్కాన్.

దృశ్యం: ఆరబెట్టే గది. గోడకు మామూలు పొడి థర్మామీటరు, పక్కనే బుడ్డికి తడిగుడ్డ చుట్టిన తడి థర్మామీటరు.

వ్యాఖ్యానం: పూతలోని నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది కాబట్టి లోపలి మైనం చల్లబడి ముడుచుకుంటుంది, పూత ఆరిన తరువాత అదే మైనం తిరిగి గది ఉష్ణోగ్రతకు చేరుతూ వ్యాకోచిస్తుంది. మైనం వ్యాకోచం సిరామిక్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కావడంతో, పూత పగలవచ్చు, లేదా నమూనా నుంచి విడిపోవచ్చు. అందుకే మొదటి పూతను ఎక్కువ గాలి తగలకుండా నిదానంగా ఆరబెట్టి, తరువాతి పూతలకు మాత్రమే పొడిగాలిని బలంగా వీచనివ్వాలి. గది ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలకు మించి మారకూడదు.

వేలితో తాకి చూడటం పరీక్ష కాదు. మాగాయ ముక్క పైకి ఎండినట్టే ఉండి లోపల పచ్చిగా ఉన్నట్లు, షెల్ కూడా రంధ్రాలలో, ఇరుకు మూలల్లో తడిగానే ఉంటుంది. ఒక నమూనాలో ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగ అమర్చితే, ఆరుతున్నంతసేపూ అది తడి థర్మామీటరుకు దగ్గరి అంకెనే చూపి, ఆరిన తరువాత గది ఉష్ణోగ్రతకు పెరుగుతుంది. ముసురు పట్టిన రోజున ఆ రెండు థర్మామీటర్ల మధ్య తేడాయే దాదాపు ఉండదు కనుక ఫ్యాన్లు ఎన్ని తిప్పినా ప్రయోజనం స్వల్పం. గాలిలోని తేమను తీసే డీహ్యూమిడిఫయర్ కావలసిందే. సముద్రపు గాలికని కిటికీలు తెరవడం అన్నిటికంటే చెడ్డ ఉపాయం.

దృశ్యం: ఆటోక్లేవు తలుపు మూసుకుంటోంది.

వ్యాఖ్యానం: ఇక్కడ నిదానం పనికిరాదు. ఆవిరి పీడనం కొద్ది సెకన్లలోనే పూర్తిస్థాయికి చేరితే, మైనపు పై పొర ముందుగా కరిగి జారిపోయి, లోపలి భాగం వ్యాకోచించడానికి చోటు మిగులుతుంది. పీడనం మెల్లగా ఎక్కితే ఉబ్బిన మైనం షెల్‌ను చీలుస్తుంది. తడి మిగిలిన షెల్ అసలే బలహీనం.

దృశ్యం: కోసిన పోత ముక్క, నడుమ చిన్న బొరియలు.

వ్యాఖ్యానం: అన్ని లోపాలనూ తేమకు అంటగట్టకూడదు. మందమైన చోట ఏర్పడే ఈ బొరియలు లోహం గడ్డకడుతూ కుంచించుకోవడం వల్ల వచ్చినవి. వీటికి గేటింగ్ (లోహం లోపలికి పారే దారుల అమరిక) మార్చాలి. లోహం అంచుదాకా చేరకపోతే షెల్, లోహం వేడిని చూడాలి. ఫిన్ కనబడినప్పుడు మాత్రం ట్రీ నంబరు పట్టుకుని, ఆరబెట్టిన గంటలు, ఆనాటి తేమ, ఆటోక్లేవు పీడనం రాసిన రిజిస్టరును ముందుగా తెరవండి.