ఎన్‌ఆర్‌ఎఫ్ మాడ్యూల్ సిగ్నల్ అందట్లేదా? కోడ్ పక్కన పెట్టి ముందు కరెంటు చూడండి

నమస్తే అండి. ఇదిగో ఈ బుల్లి బోర్డు చూడండి, ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్ అనే రేడియో మాడ్యూల్, వైర్లు లేకుండా కబురు పంపుద్ది, అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు, 8 పిన్నులు, చివర్న పాములా మెలికలు తిరిగిన రాగి గీత ఉంది కదా అదే యాంటెన్నా. నార్వే కంపెనీ నార్డిక్ సెమీకండక్టర్ వాళ్ల చిప్. ఒకసారికి 32 బైట్లు పంపుద్ది. తక్కువేగా అనిపిస్తుంది కానీ ట్యాంకు నిండిందా లేదా అని చెప్పడానికి ఒక్క బైటు చాలు.

మా ఇంట్లో పని కూడా అదే. మూడో అంతస్తు డాబా మీద ట్యాంకు, కింద మెట్ల దగ్గర మోటార్ స్విచ్. నీళ్లు పొంగి పక్కింటి గోడ మీద పడేదాకా ఎవరికీ తెలిసేది కాదు. అందుకే పైన ఒక ఆర్డుయినో నానో బోర్డు (కోడ్ నడిపే బుల్లి కంప్యూటర్ లాంటిది), నీళ్లు పైకొస్తే తేలి చెప్పే ఫ్లోట్ స్విచ్, కింద ఒక ఆర్డుయినో యూనో, బజర్, మధ్యలో ఈ రేడియో జత. మూడు స్లాబులు దాటాలి కాబట్టి పొడుగు యాంటెన్నా ఉన్న పెద్ద రకం తీసుకున్నా.

టేబుల్ మీద బ్రహ్మాండంగా పనిచేసింది. పవర్ తక్కువలో పెట్టి టెస్ట్ చేశా కదా మరి. డాబా మీదికి తీసుకెళ్లి పవర్ ఫుల్‌గా పెట్టగానే ఒక్క ప్యాకెట్ కూడా కిందికి రాలేదు. మూడు రాత్రులు కోడ్ మారుస్తూనే ఉన్నా, లైబ్రరీ తీసేసి మళ్లీ వేశా, వైర్లు మార్చా, తప్పేమో ఇంకోచోట ఉంది.

(దగ్గరగా చూపించాలి: నానో బోర్డు మీద 3.3 వోల్టుల పిన్ను)

ఈ పిన్ను దగ్గరే అసలు సంగతి. దీన్నుంచి 50 మిల్లీయాంప్స్ దాటి లాగకూడదు. చిన్న మాడ్యూల్‌కి పర్లేదు, అది 11 నుంచి 14 మిల్లీయాంప్స్ తోనే సరిపెట్టుకుంటుంది. పొడుగు యాంటెన్నాది మాత్రం పంపే క్షణంలో 100 దాటి లాగేస్తుంది, అప్పుడు వోల్టేజ్ ఒక్కసారి కుంగిపోయి చిప్ తడబడుతుంది. మల్టీమీటర్ పెడితే 3.3 అనే చూపిస్తది, ఎందుకంటే ఆ కుంగడం కన్నుమూసి తెరిచేలోపే అయిపోతుంది, మీటర్‌కి దొరకదు. అందుకే అంత తిప్పలు.

మందు చాలా చవక. 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కాస్త కరెంటు దాచుకుని కుంగిన క్షణంలో అందించేది) ఒకటి వీసీసీకి, అంటే మాడ్యూల్‌కి కరెంటు అందే పిన్నుకి, గ్రౌండ్‌కి మధ్య, మాడ్యూల్ పిన్నుల మీదే సోల్డర్ చేయండి. బ్రెడ్‌బోర్డు మీద ఎక్కడో దూరంగా పెడితే లాభం లేదు. తెల్ల గీత ఉన్న కాలు గ్రౌండ్‌కి, ఇది తిప్పి పెట్టకండి. పెద్ద రకం అయితే దీనికి తోడు ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఉన్న అడాప్టర్ బేస్ కూడా పెట్టండి, దానికి 5 వోల్టులు ఇస్తే అదే 3.3 చేసి ఇస్తుంది. అంతేగానీ నేరుగా వీసీసీకి 5 వోల్టులు ఇచ్చారో చిప్ పోయినట్టే, 3.6 దాటకూడదు. మిగతా సిగ్నల్ పిన్నులు 5 వోల్టులు తట్టుకుంటాయి, యూనోకి నేరుగా కలిపేయొచ్చు.

స్పీడ్ 250 కేబీపీఎస్ పెట్టండి. 2 ఎంబీపీఎస్‌లో రిసీవర్ మైనస్ 82 డీబీఎమ్ (సిగ్నల్ బలం కొలత) దాకా వింటే 250లో మైనస్ 94 దాకా వింటుంది, అంటే స్లాబులు దాటి బాగా నీరసించిన సిగ్నల్ కూడా దొరుకుతుంది. పేరులో ప్లస్ లేని పాత చిప్‌లో మాత్రం ఈ 250 ఉండదు, కొనేటప్పుడు చూసుకోండి.

ఛానెల్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. వైఫై గోల తప్పించుకోడానికి 108 పెట్టమని చాలామంది చెప్తారు. 108 అంటే 2508 మెగాహెర్ట్జ్ అండి. మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోడానికి ఇచ్చింది 2400 నుంచి 2483.5 వరకే. ఇంట్లో వైఫై 1 నుంచి 11 ఛానెళ్లలో ఉంటే అది 2473 దగ్గర ఆగిపోతుంది, కాబట్టి 76 నుంచి 80 మధ్య ఏదైనా పెట్టుకోండి, హద్దు దాటే అవసరమే లేదు.

మోటార్ కూడా దానంతటదే ఆగాలి అనుకుంటే బోర్డుతో నడిపే ఆ చిన్న నీలం రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) మీద మోటార్ లోడ్ వేయకండి, స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటుకి లోపల కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఇక ఆగమన్నా ఆగదు. మోటార్ లోడ్ తట్టుకునే పెద్ద స్విచ్, అంటే కాంటాక్టర్ పెట్టించండి, ఆ 230 వోల్టుల పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

ఇంకొకటి, పైనుంచి ఏ కబురూ రాకపోతే అంతా బాగుందని అనుకునేలా కోడ్ రాయొద్దు. నా పై బాక్స్ ప్రతి 5 సెకన్లకి ఒకసారి పలుకుతుంది, కింద 30 సెకన్లు ఏమీ వినపడకపోతే ట్యాంకు నిండినట్టే లెక్కేసి బజర్ కొడుతుంది. ఇప్పుడు మా తమ్ముడు డాబా మీద ఆ బాక్స్ కరెంటు తీసేస్తున్నాడు, తీశావా? సరే, ఇక్కడ టైమర్ చూడండి... 28, 29, 30.

(బజర్ శబ్దం)