బొమ్మ కింద చెయ్యి పెట్టి చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున మన పార్కుకి శిల్పులు వస్తున్నారు. ఎవరి బొమ్మ పక్కన వాళ్లే నిలబడతారు, మనం వెళ్లి మాట్లాడొచ్చు. శిల్పకళ గురించి నాలుగు ముక్కలు చెప్పమని కమిటీ వాళ్లు నన్ను పిలిచారు. వాళ్లను ఏం అడగాలో చెబుతాను, అదే ఎక్కువ పనికొస్తుంది.

మనకి విగ్రహం అంటే దండ వెయ్యాలి, లేదా దణ్ణం పెట్టాలి. బీచ్ రోడ్డులో చూసేవన్నీ దండలు పడేవే. ఈ రెండూ అక్కర్లేని బొమ్మ ఎదురైతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక "దీని అర్థం ఏంటండీ?" అని అడిగేస్తాం. పాపం, వాళ్లకి ఆ ప్రశ్న విని విని విసుగు. "దేంతో చేశారు? ఇక్కడ ఎన్నాళ్లుంటుంది?" అనండి. ఇక ఆపమన్నా ఆపరు.

వైజాగ్‌లో ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. మీ బాల్కనీ గ్రిల్లుకి ఎన్నిసార్లు పెయింట్ వేయించారో గుర్తు తెచ్చుకోండి. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే బెంగ లేదనుకుంటాం గానీ, వంటింటి గిన్నెల్లో ఎక్కువగా కనిపించే 304 రకం కూడా సముద్రపు గాలికి గోధుమరంగు మచ్చలు తేలుతుంది. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం కలుపుతారు. అది ఉప్పుని మెరుగ్గా తట్టుకుంటుంది, ఖరీదూ ఎక్కువే. శిల్పి ఏది వాడారో, ఎందుకు వాడారో అడగండి. సగం సార్లు జవాబు బడ్జెట్ దగ్గరే తేలుతుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అడిగి, వాళ్లు సరేనంటే, బొమ్మ కింది వైపు చెయ్యి పెట్టి చూడండి. పైభాగాన్ని వాన కడిగేస్తుంది. వాన తగలని కింది వంపుల్లో, వెల్డింగ్ అతుకుల దగ్గర, ఉప్పు అలాగే పేరుకుని తుప్పు అక్కడే మొదలవుతుంది. వేలికి గరగరలాడే ఎర్రటి పొడి అంటితే, దానికి ఏం చేస్తారని అడగండి.

రాతి పనివాళ్లు వస్తే సంగతి వేరు. ఆళ్లగడ్డ, దుర్గి లాంటి చోట్ల తరతరాలుగా ఇదే పని. రాయిని ఎలా ఎంచుకుంటారో చూపించమనండి. సుత్తితో తట్టి వింటారు. ఖంగుమంటే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల పగులు ఉండొచ్చు. మన చుట్టుపక్కల కొండల్లో ఉండే ఖోండలైట్ అనే రాయిలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఎండకీ వానకీ మెత్తబడి మట్టిగా మారుతుంది. అందుకే సన్నటి పనికి గట్టి నల్లరాయి వెతుక్కుంటారు. ఆ గట్టిరాయి మీద మామూలు ఉలి మొన ఇట్టే అరిగిపోతుంది, కార్బైడ్ అనే బాగా గట్టి పదార్థంతో చేసిన మొన ఉన్నది కావాలి. పిల్లల్ని తెచ్చేవాళ్లు ఈ తట్టడం తప్పకుండా చూపించండి.

ఇంకొకటి, పునాది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఏం చేసిందో ఈ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. గాలి వేగం రెట్టింపైతే బొమ్మ మీద పడే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. పలకలా వెడల్పుగా ఉన్న బొమ్మకి గాలి దెబ్బ ఎక్కువ, సందులున్నదాంట్లోంచి గాలి దాటిపోతుంది. బొమ్మలో ఖాళీలు అందానికేనా, లెక్క చూసుకుని పెట్టినవా అని అడగండి. పీఠంలో బోల్టులు ఎంత లోతుకి దిగాయో కూడా అడగండి.

బొమ్మని అప్పుడప్పుడూ మంచినీళ్లతో కడిగితే ఉప్పు పోతుంది. ఆ కడగడం ఎవరి డ్యూటీ అన్నది మాత్రం శిల్పుల్ని అడగకండి. కమిటీ వాళ్లు కూడా ఆదివారం అక్కడే ఉంటారు.